సెల్యూట్ సరే, థెరపీ ఏదీ?

పక్షవాతం వచ్చిన మాజీ సైనికుడికి ప్రాణం దక్కితే చాలు, ఇక మన బాధ్యత తీరిపోయిందన్న ధోరణి ముదిరిపోయింది. తలకు దెబ్బ తగిలిన వారి విషయంలోనూ అదే తీరు. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి పంపేస్తే, ఆపైన ఏం చేయాలో సైనిక్‌పురిలోనో, అల్వాల్‌లోనో ఉన్న ఆ ఇంటి ఇల్లాలే తేల్చుకోవాలి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలని ఊరంతా ప్రచారం చేస్తున్నాం, మంచిదే. కానీ మెదడు వేగంగా కోలుకునేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో. ఆ నెలలు ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి పంపే రిఫరల్ చీటీ కోసం తిరగడంలోనే కరిగిపోతే ఎవరిని అడగాలి?

ఆక్యుపేషనల్ థెరపీ అంటే చెయ్యి పైకీ కిందికీ ఆడించడం కాదు. ఒంటి చేత్తో గుండీ పెట్టుకోవడం, స్టవ్ కట్టేశామో లేదో చూసుకోవడం, ఏ మాత్ర ఎప్పుడో గుర్తుంచుకోవడం నేర్పేది అదే. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి ఎడమ పక్క అనేది ఒకటుందన్న ధ్యాసే ఉండదు. కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపుది అలాగే వదిలేస్తారు. ఇంట్లోవాళ్లు మొండితనమనుకుంటారు, యూనిఫాం వేసుకున్న మనిషి కదా, పొగరు తగ్గలేదని కూడా అంటారు. అసలు సంగతి థెరపిస్టు పసిగట్టి, ఇంటిల్లిపాదికీ చెప్పాలి. వాట్సాప్‌లో వ్యాయామాల వీడియో పంపితే అయ్యే పని కాదిది.

నిధులు, సిబ్బంది చాలవనీ, ఫిజియోథెరపీ ఇస్తున్నాం కదా అనీ అధికారులు అనవచ్చు. కొరత నిజమే. అయితే ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వేర్వేరు వృత్తులని 2021లో పార్లమెంటు చేసిన చట్టమే గుర్తించింది. 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో చాలామంది తమ వాటా కట్టి మరీ చేరారు. వారడిగేది దయాధర్మం కాదు.

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గర సైనిక స్మారకం మీద పూలగుచ్ఛాలు పెడతాం. మంచం పట్టిన సైనికుడి గడప తొక్కం. సాయుధ దళాల పతాక దినోత్సవమైన డిసెంబర్ 7 నాడు జేబుకు జెండా గుచ్చుకునే నాయకుడికి, సొంత చొక్కా గుండీ పెట్టుకోలేని హవల్దార్ కనిపించడు. చనిపోయినవాడికి వందనం, బతికినవాడికి క్యూ! ఈ కపటం మనకు అలవాటైపోవడమే మా భయం.

డిశ్చార్జి కాగితంలోనే థెరపిస్టును కలిసే తేదీ ఉండాలి. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లలో ఆ పోస్టు ఉండాలి, కదల్లేనివారి ఇంటికి థెరపిస్టు వెళ్లాలి. ఈపాటి చేతకాకపోతే డిసెంబర్ 7న దయచేసి ఎవరూ మైకు పట్టుకోకండి.