మూడు ఎంబీ సాఫ్ట్‌వేర్‌కి మూడున్నర వేలా?

గుంటూరు బ్రాడీపేటలో నాకు తమ్ముడి వరసయ్యే ఒకతను డీటీపీ సెంటర్ నడుపుతున్నాడు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు కవుల పుస్తకాలు. మొన్నామధ్య అతని దగ్గరికి 280 పేజీల పుస్తకం ఫైలు వచ్చింది. పదిహేనేళ్ల కిందట పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసింది. రచయిత పిల్లలు దాన్ని ఈ-బుక్ చేయించాలనుకున్నారు. అంటే అక్షరాలన్నీ ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవడానికి వీలయ్యే యూనికోడ్‌లోకి మారాలి. అలా మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని విని, ధర చూసి, వెంటనే నాకు ఫోన్ చేశాడు. "ఏందన్నా ఇది, మూడు ఎంబీ కూడా లేదు, మూడున్నర వేలంట! తెర మీద రెండు డబ్బాలు, మధ్యలో ఒక బటన్. దీనికి అంతా?"

అతని ప్రశ్నకు జవాబు అతని షాపులోనే ఉంది. వంద పెళ్లి కార్డులు వేయించుకునేవాళ్లకి ఒక్కో కార్డు ఎక్కువ పడుతుంది, వెయ్యి వేయించుకుంటే బాగా తగ్గుతుంది. ఎందుకని అడిగినవాళ్లందరికీ అతను ఓపిగ్గా చెబుతాడు: డిజైనింగ్, ప్లేటు, మిషన్ సెట్టింగ్ ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటేనండీ అని. సాఫ్ట్‌వేర్‌లో కాగితం ఖర్చు దాదాపు ఉండదు. ఉన్నదంతా ప్లేటు ఖర్చే. దాన్ని ఎంతమంది పంచుకుంటారన్నదే ధరను తేలుస్తుంది, ఫైలు ఎన్ని ఎంబీలన్నది కాదు.

వాట్సాప్ ఒకప్పుడు ఏడాదికి డాలర్ లోపు తీసుకునేది. 2016 జనవరిలో అదీ ఎత్తేసింది. అప్పటికి దాన్ని వాడేవాళ్లు వంద కోట్లకు దగ్గరపడ్డారు, వెనకాల 2014లో దాన్ని కొన్న ఫేస్‌బుక్ ఉంది. మరి పాత తెలుగు ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఎవరికి కావాలి? కొన్ని డీటీపీ సెంటర్లకి, విజయవాడ ఏలూరు రోడ్డులోని ప్రచురణకర్తల్లాంటి వాళ్లకి, పాత సంచికలున్న పత్రికలకి. ఇది వంద కార్డుల పని. వెయ్యి కార్డుల రేటు అడిగితే గిట్టదు.

పైగా ఆ రెండు డబ్బాల వెనక ఏముందో చూడాలి. పాత డీటీపీ ఫాంట్లలో ఉండేది అక్షరం కాదు, అక్షరం ముక్కలు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము, వత్తు వేరే ముక్కలు. ఒక్కో ముక్కా ఏదో ఒక ఇంగ్లిష్ అక్షరమో గుర్తో ఉండాల్సిన చోట కూర్చుంటుంది. ఫాంట్ తీసేస్తే పేజీ అంతా అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల కుప్ప. యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకి సొంతంగా 128 స్థానాలున్నాయి. అక్కడ 'స్త్రీ' అంటే ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. పలికే వరసలోనే ఉంటాయి. పాత ఫైల్లో అవి కంటికి కనిపించే వరసలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలన్నీ ఏరి, ఏది ఏ హల్లుకి చెందిందో తేల్చి, వరస మార్చి పేర్చాలి. ఒక్క నియమం తప్పితే పుస్తకంలో ఆ అక్షరం వచ్చిన ప్రతిచోటా తప్పే. గుణింతాలూ కోడూ రెండూ తెలిసిన మనిషి నెలల తరబడి కూర్చుంటే తప్ప ఇది కుదరదు.

ఈ సాఫ్ట్‌వేర్ చేసిన మనిషితో నేను మాట్లాడాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాడు, పగలు ఉద్యోగం, రాత్రిళ్లు ఈ పని. మధ్యలో ఒక నెల ధర 500కి తగ్గించి చూశాడట. కొన్నవాళ్లు కాస్త పెరిగారు, ఏడు రెట్లు మాత్రం కాలేదు. ఫోన్లు విపరీతంగా పెరిగాయి. ఫాంట్ ఇన్‌స్టాల్ చేయడం రానివాళ్లకి కూడా అర్ధరాత్రి దాకా చెప్పాల్సి వచ్చింది. అవసరం ఉన్నవాళ్లు ఇంతమందే, ధర తగ్గించినంత మాత్రాన కొత్త అవసరం పుట్టదు అన్నాడు. నాకు ఆ మాట సబబుగానే తోచింది.

ఇక ఫోన్ యాప్ స్టోర్లో అమ్మేవాళ్ల లెక్క వేరు. కొనేవాడు వెయ్యి కడితే అందులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. అది పోగా 847. స్టోర్ కమీషన్ మొదట్నుంచీ 30 శాతం, చిన్న డెవలపర్లకు 2021లో 15కి దించారు. ఆ 15 కూడా తీసేస్తే చేతికొచ్చేది 720 చిల్లర. ప్లేటు ఒకసారి చేస్తే సరిపోదు కూడా. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లకు తగ్గట్టు యాప్‌ని మారుస్తూ ఉండకపోతే కొత్త ఫోన్లు కొన్నవాళ్లకు అది ప్లే స్టోర్లో కనిపించకుండా పోతుంది. ఫీచర్ ఒక్కటి చేర్చకపోయినా పని మాత్రం తప్పదు.

అలాగని ఎక్కువ ధర పెట్టిన ప్రతి యాప్‌నీ నేను వెనకేసుకు రావడం లేదు. 2008లో యాపిల్ స్టోర్ తెరిచిన కొత్తల్లో 'ఐ యామ్ రిచ్' అని ఒక యాప్ వచ్చింది. ధర 999.99 డాలర్లు, తెర మీద ఎర్రగా మెరిసే రాయి తప్ప చెప్పుకోదగ్గ పనేమీ లేదు. ఎనిమిది మంది కొన్నాక తీసేశారు. అంతకంటే నాకు కోపం తెప్పించేవి వారం వారం డబ్బు లాగేవి. మా వదిన పిల్లాడి సర్టిఫికెట్ పీడీఎఫ్ చేయడానికి ఒక స్కానర్ యాప్ వేసుకుంది. మూడు రోజులు ఫ్రీ అన్నారు. నాలుగో రోజు నుంచి వారానికి రెండొందల చిల్లర కట్ అవుతోంది, ఐదు వారాల దాకా చూసుకోలేదు. రిజర్వ్ బ్యాంక్ 2021 అక్టోబర్ నుంచి అమలు చేసిన నిబంధన ప్రకారం ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపుకి 24 గంటల ముందు కబురు పంపాలి. ఆ మెసేజ్‌లు వచ్చాయి కూడా. లోన్ ఆఫర్లు, రీచార్జ్ గుర్తుచేసే మెసేజ్‌ల మధ్య ఎవరు చదువుతారు? ఫోన్లోనే ఊరికే అయిపోయే పనికి, మనిషి మర్చిపోతాడన్న నమ్మకంతో పెట్టిన ధర అది. 2019లో సోఫోస్ అనే భద్రతా సంస్థ ఇలాంటివాటికి 'ఫ్లీస్‌వేర్' అని పేరు పెట్టింది. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అందులో పేరు గుర్తురాని ప్రతిదాన్నీ రద్దు చేయండి.

నెలసరి చందా మీద కూడా నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. సర్వర్ నడుపుతూ, మన ఫైళ్లు దాచిపెడుతూ ఉంటే అద్దె అడగొచ్చు. నా కంప్యూటర్లో, నా కరెంటుతో నడిచేదానికి అద్దె అడిగితే మాత్రం, కట్టడం ఆపిన రోజున అప్పటిదాకా వాడిన వెర్షన్ నాకు మిగలాలి. దాంతోపాటు నా సమాచారం బయటికి తీసుకునే దారీ ఉండాలి. డబ్బు పెట్టి కొన్నంత మాత్రాన యాప్ నిలబడుతుందన్న హామీ లేదు. స్పారో అనే మెయిల్ యాప్‌ని చాలామంది ఇష్టంగా కొనుక్కున్నారు. 2012 జులైలో గూగుల్ ఆ సంస్థని కొనేసింది, యాప్ అక్కడితో ఎదగడం ఆగిపోయింది.

డాలర్ ధరని ఉన్నదున్నట్టు రూపాయల్లోకి మార్చడం ఇంకో తప్పు. ప్రోగ్రామర్లు వాడే సబ్‌లైమ్ టెక్స్ట్ 99 డాలర్లు. మన దగ్గర ఎనిమిది వేలు దాటుతుంది, కొత్తగా చేరిన కుర్రాడి జీతంలో పెద్ద ముక్క. 2015లో గూగుల్ మన దేశంలో యాప్ కనీస ధరని 50 నుంచి 10 రూపాయలకి తగ్గించింది. ఊరి ఆదాయాన్ని బట్టి ధర పెట్టే వీలు ఉందన్నమాట, పెట్టే మనసు ఉండాలి.

మన వైపు నుంచీ ఒక నిజం ఒప్పుకోవాలి. మన ఊళ్లలో కంప్యూటర్ సెంటర్లు చాలావరకు కాపీ సీడీల మీదే పెరిగాయి. 2001లో చివరి వెర్షన్ వచ్చిన పేజ్‌మేకర్ ఇప్పటికీ షాపుల్లో నడుస్తోంది, డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ అంటే ఊరికే వచ్చేదన్న అలవాటు మనలో అంతగా పాతుకుపోయింది. మూడున్నర వేలు గుచ్చుకోవడానికి సగం కారణం అదే.

చివరికి బ్రాడీపేట తమ్ముడు కొన్నాడు. 280 పేజీలు మళ్లీ టైప్ చేయిస్తే పేజీకి 40 చొప్పున 11 వేలు దాటుతుంది, రెండు ప్రూఫులు అదనం. కొన్న మర్నాడే తప్పు దొరికింది. ఆ పుస్తకంలో కథానాయిక పేరు లక్ష్మి. ఆమె పేరు వచ్చిన ప్రతిచోటా క్ష కింద మ వత్తు ఎగిరిపోయి 'లక్షి' అయింది. రాత్రి తొమ్మిదింటికి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేశాడు. మరుసటి సాయంత్రానికి సరిచేసిన వెర్షన్ వచ్చేసింది.

ఇప్పుడు అతని దగ్గర అలాంటి పాత ఫైళ్లు ఇంకో పదకొండు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ చేసినాయన మాత్రం వచ్చే వెర్షన్‌కి విడిగా డబ్బు అడగాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. అడగమనే నేను చెప్పాను.