తమరి అనుమానం పాడుగాను!

కారులో ఏదో తేడా ఉందని అనుమానం రాగానే దాని వేగాన్ని కట్టేసే మహారాజశ్రీ లింప్ మోడ్ వారి దివ్య సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. ముహూర్తానికి అందుకోలేకపోయిన పెళ్లి ఒక్కటే లోటు.

మొన్న సూర్యాపేట దాటగానే డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది. ఎంత తొక్కినా కారు ముప్పై దాటలేదు. వరిగడ్డి వేసుకున్న ట్రాక్టరొకటి దర్జాగా మమ్మల్ని దాటిపోయింది. దాని మీది గడ్డిపరకలు మా అద్దం మీద రాలితే వైపరు వేసి తోసుకున్నాను. వెనక సీటులోంచి మా బావమరిది, "దిగి నడిస్తే త్వరగా వెళ్తాం కదా బావా!" అన్నాడు. పట్టుచీరలో ఉన్న మా ఆవిడ ఏమీ అనలేదు. అదే భయం.

తమరి గుట్టు తర్వాత మెకానిక్ చెప్పాడు. యాక్సిలరేటర్ పెడల్‌లో రెండు సెన్సార్లట. తొక్కే పాదం ఒకటి, సాక్షులు ఇద్దరు! మా బండిలో ఒకటి 0.7 వోల్టులంటే రెండవది అందులో సగం, 0.35 అనాలట. లెక్క కుదరకపోతే తమరు ఇద్దరినీ నమ్మడం మానేసి కారును కుంటిస్తారు. ఒకరు సున్నా అంటే తీగ తెగిందంటారు. నిండుగా ఐదు వోల్టులంటే తీగ ఎక్కడో అంటుకుందంటారు. పోనీ ఇద్దరూ ఒకే అంకె చెబితే? అప్పుడు మరీ అనుమానం, కూడబలుక్కుని వచ్చారని!

తమరి ఇంటిల్లిపాదీ ఇంతే. కారు కంప్యూటర్‌లోని ప్రాసెసర్ మీద వాచ్‌డాగ్ అని ఒక కాపలా. వేళకు జవాబు రాకపోతే ప్రాసెసర్ నెత్తిన మొట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిస్తుంది. అది న్యాయమే. కొన్నింటిలో జవాబు వేళకు ముందే వచ్చినా మొట్టికాయేనట! మా ఆఫీసులో ఫైలు వేళకు ముందే కదిలితే సన్మానం చేస్తారు. ఇంతవరకు ఆ అవసరం రాలేదనుకోండి.

నమ్మకమంటే ఏమిటో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి కొన్ని పాత కార్లను చూసి నేర్చుకోండి. బరువైన తాళాల గుత్తి వేలాడినా, మోకాలు తగిలినా ఇగ్నిషన్ స్విచ్ జారేది. ఇంజిన్ ఆగేది. "బండి ఆపేశారు" అని స్విచ్ అంటే ఎయిర్‌బ్యాగులు మారు ప్రశ్న వేయకుండా నమ్మి, గుద్దుకున్నా విచ్చుకునేవి కావు. కారు అప్పటికి రోడ్డు మీద పరుగెడుతూనే ఉండేది. లోపం సంగతి లోపలివారికి దాదాపు పదేళ్లుగా తెలుసు. 2014లో గానీ కార్లను వెనక్కి పిలవలేదు. చివరకు పరిహార నిధి 124 మరణాలను ఆ స్విచ్ ఖాతాలో రాసింది.

ఈ ఉదాహరణ నా వాదనకు అంతగా కలిసిరాలేదు. వదిలేయండి.

అసలు సంగతికి వస్తాను. పెడల్ కనెక్టరులో నీరు చేరి ఒక పిన్ను పచ్చగా చిలుమెక్కిందట. కొత్తది రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. అంతవరకు ఆగడమెందుకని మా బావమరిది, రెండవ సెన్సార్ తీగ కత్తిరించి మొదటిదాని తీగకే మెలిపెట్టి టేపు చుట్టాడు. "ఇక ఇద్దరూ ఒకటే మాట చెబుతారు బావా, తిరుగులేదు" అన్నాడు.

తాళం తిప్పాను. అన్ని దీపాలూ ఒక్కసారి వెలిగి, ఒక్కొక్కటే ఆరాయి. పసుప్పచ్చది మాత్రం ఆరలేదు.

ఇట్లు,
తమరి బాధితుడు