విగ్రహానికి దండ, ఓటుకు గండి

అమెరికా ప్రతినిధుల సభలో టెక్సాస్‌కు ఉన్న 38 స్థానాల్లో 25 చేతిలో ఉన్నా తనివి తీరని రిపబ్లికన్లు, మరో ఐదింటి కోసం పదేళ్లకోసారి జరిగే జనగణన వచ్చేదాకా ఆగకుండా నియోజకవర్గాల సరిహద్దులను చెరిపి మళ్లీ గీశారు. గవర్నర్ గ్రెగ్ ఆబట్ 2025 ఆగస్టు 29న ఆ బిల్లుపై సంతకం చేశారు. కొత్త పటంలో రూపు మారిపోయిన వాటిలో హ్యూస్టన్‌లోని 18వ నియోజకవర్గం ఒకటి. అది నల్లజాతి నాయకురాలు బార్బరా జోర్డాన్ గెలిచిన స్థానం. ఆస్టిన్ విమానాశ్రయ టెర్మినల్‌కు ఆమె పేరు పెట్టి, అక్కడా విశ్వవిద్యాలయంలోనూ ఆమె విగ్రహాలు నిలబెట్టుకున్న రాష్ట్రమే ఈ పనికి ఒడిగట్టింది.

జోర్డాన్‌ను మొదట అడ్డుకున్నదీ, తరువాత గెలిపించినదీ ఇలాంటి గీతలే. బాప్టిస్టు బోధకుడి ఇంట పుట్టి, బోస్టన్‌లో న్యాయశాస్త్రం చదివి, తల్లిదండ్రుల ఇంట్లోని భోజనాల బల్ల మీదే వకీలు వృత్తి మొదలుపెట్టిన ఆమె, 1962లోనూ 1964లోనూ రాష్ట్ర దిగువ సభకు పోటీ చేసి ఓడిపోయారు. కౌంటీ (జిల్లా లాంటిది) మొత్తాన్నీ ఒకే నియోజకవర్గంగా లెక్కించడంతో, ఆమె పుట్టి పెరిగిన ఫిఫ్త్ వార్డు నల్లజాతి ఓట్లు తెల్లవారి ఓట్లలో కలిసి మునిగిపోయేవి. నియోజకవర్గాలు జనాభాకు తగినట్టు ఉండాలని 1964లో సుప్రీంకోర్టు తేల్చాక సరిహద్దులు మారాయి. 1966లో ఆమె రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యారు. 1883 తరువాత ఆ సభలోకి నల్లజాతివారు రావడం అదే మొదలు, నల్లజాతి మహిళ రావడం చరిత్రలోనే మొదలు. 1972 జూన్ 10న ఒక్కరోజు గవర్నరుగానూ వ్యవహరించారు. కూతురు ఆ కుర్చీలో కూర్చోవడం కళ్లారా చూసిన తండ్రి ఆ రోజే అస్వస్థుడై మర్నాడు కన్నుమూశారు.

అధ్యక్షుడు నిక్సన్‌ను గద్దె దింపిన వాటర్‌గేట్ కుంభకోణం విచారణలో ఆమె చేసిన ప్రసంగాన్ని అందరూ తలచుకుంటారు. 1975లో ఆమె సాధించినదాన్ని మాత్రం టెక్సాస్ నేతలు తలవరు. ఎన్నికల నిబంధనలు మార్చాలంటే కేంద్రం ముందస్తు అనుమతి తీసుకోవాలన్న ఓటు హక్కుల చట్టం పరిధిలోకి ఆమె పట్టుబట్టి సొంత రాష్ట్రాన్నే చేర్పించారు. 2013లో సుప్రీంకోర్టు ఆ కాపలా ఎత్తేసింది. ఇప్పుడు పక్కనున్న 9వ నియోజకవర్గపు నల్లజాతి ఓటర్లను పెద్దయెత్తున 18లోకి నెట్టి, రెండు గొంతులు వినిపించే చోట ఒక్కదాన్నే మిగిల్చారు. విగ్రహాలను మాత్రం ఎవరూ కదపలేదు.

డెమోక్రాట్లు ఇల్లినాయ్‌లో చేసిందీ ఇదేననీ, తాము చూసింది పార్టీనే తప్ప జాతిని కాదనీ రిపబ్లికన్లు అంటున్నారు. ఎదుటివాడి తప్పు మన తప్పుకు పూచీకత్తు కాదు. ఒక రాష్ట్రం పదేళ్ల మధ్యలో గీతలు మారిస్తే రెండోది ఊరుకోదు. కాలిఫోర్నియా అప్పుడే పోటీ పటం సిద్ధం చేసింది.

ఆ ఆగస్టులోనే, బిల్లును ఆపడానికి సభకు రాకుండా వెళ్లిపోయిన డెమోక్రాట్లు మళ్లీ తప్పించుకోకుండా పెట్టిన పోలీసు కాపలాకు ఒప్పుకుంటూ సంతకం చేస్తే తప్ప గడప దాటనివ్వమన్నందుకు, రాష్ట్ర దిగువ సభలో ఫోర్ట్‌వర్త్ ప్రతినిధి నికోల్ కోలియర్ సంతకం చేయక సభలో తన బల్ల దగ్గరే రాత్రిళ్లు గడిపారు. ఆమె కూడా నల్లజాతి మహిళే. జోర్డాన్ పనిచేసిన శాసనసభా భవనంలోనే ఇది జరిగింది. ఈ పటానికి చేయెత్తిన నేతలు వచ్చే ఫిబ్రవరి 21న జోర్డాన్ జయంతికి నివాళి ప్రకటనలు రాయించుకునే శ్రమ పెట్టుకోకపోవడమే మర్యాద.