ఫార్వర్డ్ పాస్ 1913లో పుట్టలేదు

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఇంటర్నెట్‌లో తెగ తిరిగే కథ ఒకటుంది. 1913లో నోటర్ డేమ్ అనే, అప్పటికి పెద్దగా పేరులేని కాలేజీకి చెందిన గస్ డొరైస్, న్యూట్ రాక్నీ అనే ఇద్దరు కుర్రాళ్లు సెలవుల్లో బీచ్‌లో సాధన చేస్తూ ఫార్వర్డ్ పాస్ (బంతిని ముందుకు విసిరి తోటి ఆటగాడికి అందించడం) కనిపెట్టారట, అంతకుముందు దాన్ని ఎవరూ వాడలేదట, ఆర్మీ జట్టు (వెస్ట్ పాయింట్‌లోని అమెరికా సైనిక అకాడమీ జట్టు) అలాంటి ఆట ఎన్నడూ చూడలేదు కాబట్టి 35-13తో చిత్తయిందట. స్కోరు నిజం, బీచ్ నిజం. మిగతాది నిజం కాదు. ఆ కథ వల్ల ఇంకో చిన్న కాలేజీ టీమ్‌కి రావాల్సిన పేరు రాకుండా పోయింది, నా కోపం దాని మీదే.

ముందు "కనిపెట్టారు" సంగతి. 1905 దాకా ఈ ఆటలో బంతిని ముందుకు విసరడానికి వీల్లేదు. పట్టుకుని పరిగెత్తాలి, తన్నాలి, లేదంటే వెనక్కో పక్కకో అందించాలి. అంతా ఒకేచోట గుంపుగా కుమ్ముకోవడమే, దాంతో కుర్రాళ్ల ప్రాణాలే పోయేవి. ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్ హౌస్‌కి పిలిపించి మాట్లాడాడు. డిసెంబర్ 25న కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో ఫెయిర్‌మౌంట్, వాష్‌బర్న్ కాలేజీలు కొత్త రూల్స్ ఎలా పనిచేస్తాయో చూడటానికి ఒక మ్యాచ్ ఆడి 0-0తో ముగించాయి, ఫార్వర్డ్ పాస్ అందులోనే పడింది. 1906లో అది రూల్స్‌లోకి ఎక్కింది. రాక్నీ నోటర్ డేమ్‌లో చేరిందే 1910లో!

"అంతకుముందు ఎవరూ వాడలేదు" అనేది మరీ అన్యాయం. 1906లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ కోచ్ ఎడ్డీ కోచెమ్స్ సీజన్ మొదలవకముందే తన జట్టును విస్కాన్సిన్‌లోని లేక్ బ్యూలా దగ్గరికి తీసుకెళ్లి, కొత్త రూల్‌ని ఎలా వాడుకోవాలో కూర్చోబెట్టి నేర్పించాడు. సెప్టెంబర్ 5న వాకెషాలో కారల్ కాలేజీతో మ్యాచ్. బ్రాడ్‌బరీ రాబిన్సన్ అనే మెడికల్ స్టూడెంట్, జాక్ ష్నైడర్‌కి బంతి విసిరాడు. అది ఎవరి చేతికీ తగలకుండా నేల మీద పడింది. ఈరోజుల్లో అయితే ఒక ప్రయత్నం వృథా అయిందని ఊరుకుంటారు, కానీ అప్పటి రూల్ ప్రకారం అలా పడితే బంతి నేరుగా అవతలి జట్టుకి వెళ్లిపోయేది. పైగా బంతి ఇప్పటిలా సన్నగా ఉండేది కాదు, పొట్ట లావుగా ఉండి చేతిలో సరిగ్గా ఇమిడేది కాదు. ఇంత రిస్క్ ఉన్నా కోచెమ్స్ వెనక్కి తగ్గలేదు, అదే మ్యాచ్‌లో రాబిన్సన్ మళ్లీ విసిరాడు, ష్నైడర్ 20 గజాల పాస్ అందుకుని టచ్‌డౌన్ (బంతిని అవతలి జట్టు గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చుకోవడం) చేశాడు. 22-0తో గెలిచారు. ఆ సీజన్ మొత్తం 11 మ్యాచ్‌లు ఆడి పదకొండూ గెలిచారు, వాళ్లు చేసింది 407 పాయింట్లు, ఇచ్చింది 11. కాన్సస్ యూనివర్సిటీని 34-2తో, థాంక్స్‌గివింగ్ పండుగ రోజున అయోవా యూనివర్సిటీని 39-0తో ఓడించారు. అయోవా మీద పది పాస్‌లు వేస్తే ఎనిమిది అందాయి. ఇది అదృష్టం కొద్దీ తగిలిన దెబ్బ కాదు, దాన్నే నమ్ముకుని ఆడిన ఆట. నోటర్ డేమ్ మ్యాచ్‌కి ఏడేళ్ల ముందు!

ఇక తూర్పు రాష్ట్రాల వాళ్లకు, ముఖ్యంగా ఆర్మీకి, ఇది తెలియదన్న మాట కూడా నిలబడదు. 1906లోనే వెస్లియన్ అనే చిన్న కాలేజీ యేల్ మీద పాస్ వేసింది, అదే ఏడాది హార్వర్డ్‌ని యేల్ 6-0తో గెలిచినప్పుడు ఆ టచ్‌డౌన్‌కి దారి వేసింది ఒక పాసే. నేటివ్ అమెరికన్ విద్యార్థుల కార్లైల్ స్కూల్ జట్టు 1907లో పాస్‌లు కలిపి ఆడి పెన్సిల్వేనియా యూనివర్సిటీని వాళ్ల సొంత మైదానంలోనే 26-6తో ఓడించింది. అదే కార్లైల్ 1912 నవంబర్‌లో వెస్ట్ పాయింట్‌కి వచ్చి ఆర్మీని 27-6తో ఓడించి వెళ్లింది. ఏడాది తిరక్కుండానే ఆర్మీ అమాయకంగా నిలబడి నోరు వెళ్లబెట్టిందంటే ఎలా నమ్మాలి?

డొరైస్, రాక్నీల ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. ఒహాయోలోని సీడార్ పాయింట్ రిసార్ట్‌లో పని చేసుకుంటూ ఆ వేసవంతా బీచ్‌లో సాధన చేశారు. డొరైస్ 17 పాస్‌లు వేస్తే 14 అందాయి, 243 గజాలు వచ్చాయి. హాఫ్ టైమ్‌కి 14-13గా ఉన్న మ్యాచ్‌ని అంత తేడాతో లాగేశారు. గొప్ప ఆట, సందేహం లేదు. కానీ అది న్యూయార్క్ పత్రికల వాళ్ల కళ్లెదుట, వెస్ట్ పాయింట్‌లో జరిగింది. సెయింట్ లూయిస్‌లో జరిగినదాన్ని ఆ పత్రికలు అంతగా పట్టించుకోలేదు. తర్వాత 1940లో రాక్నీ జీవితం మీద హాలీవుడ్ సినిమా వచ్చాక ఈ కథ జనంలో ఇంకా గట్టిగా పాతుకుపోయింది.

ఈ కథకి హీరోగా నిలబెట్టిన రాక్నీ మాత్రం ఆ ఘనత తనదని చెప్పుకోలేదు. 1930లో రాసుకున్న జ్ఞాపకాల్లో, ఫార్వర్డ్ పాస్ తొలి రోజుల గురించి చెబుతూ సెయింట్ లూయిస్ పేరు, ఎడ్డీ కోచెమ్స్ పేరు ఆయనే రాశాడు.