ముందు గదిలో మట్టిబొమ్మలు

డెలావేర్‌లోని విల్మింగ్టన్ పరిసరాల్లో ఉండే మనవాళ్లకు నెమూర్స్ అనగానే పిల్లల ఆసుపత్రి గుర్తొస్తుంది. ఆ ఆవరణలోనే పారిశ్రామికవేత్త ఆల్‌ఫ్రెడ్ డూపాంట్ 1909-10లో భార్య కోసం కట్టించిన ఫ్రెంచి మేడ ఉంది. ఫ్రాన్సు రాజు పదహారో లూయీ కాలపు శైలి, ఎదురుగా బారులు తీరిన తోటలు. ఆల్‌ఫ్రెడ్ ముత్తాత తండ్రి పియెర్ సామ్యుయెల్ 1789లో ఫ్రాన్సు ప్రతినిధుల సభలో నెమూర్ అనే ఊరి తరఫున కూర్చున్నాడు. ఫ్రెంచి విప్లవపు కల్లోలంలో జైలు పాలై, ప్రాణాలతో బయటపడి, చివరికి కుటుంబంతో ఓడ ఎక్కి 1800 జనవరి 1న అమెరికా తీరం చేరాడు. ఆ నెమూర్ పేరే ఈ ఇంటికి పెట్టారు.

ఇలాంటి ఇంటిని క్రిస్మస్‌కు ఫ్రెంచి పద్ధతిలో అలంకరిస్తే అది సబబే. అయితే ఫ్రెంచి అనగానే బంగారు రిబ్బన్లు, అద్దాలు, రాజదర్బారు వైభవం దగ్గరే ఆగిపోకూడదు. అదే విప్లవకాలంలో చర్చీలు మూతపడినప్పుడు, దక్షిణ ఫ్రాన్సులోని ప్రోవాన్స్ ప్రాంతపు జనం క్రీస్తు పుట్టిన పశువుల పాకను ఇంట్లోనే చిన్న బొమ్మలతో పేర్చుకున్నారని చెబుతారు. ఈ మట్టిబొమ్మలను సాంటోన్లు అంటారు, అంటే చిన్న సాధువులు. అక్కడి మార్సే నగరంలో వాటి సంత 1803లో మొదలైంది. పేరుకు సాధువులే గానీ, పాక చుట్టూ చేరేది ఊరి జనమే: రొట్టెలు కాల్చేవాడు, చేపలమ్మే ఆవిడ, కత్తులకు సానపట్టేవాడు. ఎవరి పనిముట్టుతో వారు వస్తారు.

సాంటోన్లను మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ సంక్రాంతి కొలువే కనిపించింది. పై మెట్టు మీద దేవుళ్లు, కింద కొండపల్లి ఊరు: ఎడ్లబండి, దంపుడు రోలు, చెట్టెక్కుతున్న కల్లుగీత మనిషి.

డూపాంట్ కుటుంబాన్ని సముద్రం దాటించిన విప్లవమే ఈ బొమ్మలనూ గడప దాటించి ఇళ్లలోకి తెచ్చింది. కాబట్టి నెమూర్స్ వంటి ఇంట్లో వాటి చోటు ముందు గదిలోనే, పిల్లల కంటికి అందే ఎత్తులోనే ఉండాలి.

మన సంక్రాంతి సభ నిర్వాహకులకూ ఒక విన్నపం. వేదిక మీద ప్లాస్టిక్ బంతిపూలు తగ్గించి, ఒక పక్కన కొలువుకు మెట్లు కట్టండి. ప్రతి ఇంటినీ ఒక బొమ్మ తెమ్మని, అది ఏ ఊరి నుంచి ఎవరి పెట్టెలో వచ్చిందో ఒక చీటీ మీద రాయమని అడగండి. మా అమ్మమ్మ కల్లుగీత మనిషి నా దగ్గరే ఉన్నాడు. చేయి ఒకటి విరిగితే అతికించాను. అతన్ని నేను తెస్తాను.