సవరణ: సస్పెండ్ చేస్తే మెమరీ డిస్క్‌లోకి వెళ్లదు

కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను, అంటే వీఎంలను నడిపే ఏర్పాటు) మీద మొన్న పెట్టిన పోస్టులో ‘వర్ష్ (virsh, వీఎంలను నడిపించే కమాండ్) సస్పెండ్ కొట్టి హోస్ట్‌ను, అంటే వీఎం నడిచే అసలు మెషీన్‌ను రీబూట్ చేసుకోవచ్చు, రెజ్యూమ్ చేస్తే వీఎంలో అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి’ అని రాశాను. అది తప్పు. సస్పెండ్ వీఎంను ఆపుతుందంతే, దాని మెమరీ హోస్ట్ ర్యామ్‌లోనే ఉండిపోతుంది కాబట్టి ఆ ర్యామ్ మనకు తిరిగి రాదు సరికదా, హోస్ట్ రీబూట్ అయినా, కరెంటు పోయినా లోపల సేవ్ చేయని పనంతా గల్లంతే.

వర్ష్ కమాండ్ ఉన్న లిబ్‌వర్ట్ (libvirt) సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లో ఈ తేడా స్పష్టంగానే ఉంది. మెమరీ డిస్క్ మీద ఫైలుగా పడాలంటే వర్ష్ మేనేజ్డ్‌సేవ్ (managedsave) వాడాలి. తర్వాత మామూలుగా వర్ష్ స్టార్ట్ ఇస్తే ఆ ఫైలు నుంచే లేస్తుంది, రెజ్యూమ్‌తో పనే లేదు. పెద్ద వీఎం అయితే కాస్త టైమ్ పడుతుంది, డిస్క్‌లో ఖాళీ చూసుకోండి. సేవ్ అయ్యాక మాత్రం వీఎం డిస్క్ ఇమేజ్‌లో (వీఎంకు హార్డ్ డిస్క్‌లా పనిచేసే ఫైలులో) ఏమీ మార్చకండి, లేచేసరికి ఫైల్ సిస్టమ్ పాడైపోవచ్చు.