సవరణ: పప్పులో ప్రొటీన్, స్పిరులినాలో బి12

మాంసాహారమా, శాకాహారమా అన్న చర్చలో మేం ఇచ్చిన వివరాల్లో రెండు తప్పులు దొర్లాయి. వంద గ్రాముల పప్పులో 24 గ్రాముల ప్రొటీన్ అన్నాం. అది ఎండు పప్పు లెక్క. ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి, ఉడికిన వంద గ్రాముల్లో ఉండేది సుమారు 9 గ్రాములే. పక్కనే ఇచ్చిన కోడి రొమ్ము మాంసం లెక్క, 31 గ్రాములు, వండినదానిది. రెంటినీ ఒకే తక్కెడలో పెట్టకూడదు.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. విటమిన్ బి12కు స్పిరులినా (పొడిగా, మాత్రలుగా అమ్మే ఒక రకం నాచు) చాలన్నాం, చాలదు. అందులో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని రూపం. పాలు, గుడ్లు కూడా మానేసినవారికి బి12 మాత్రలు గానీ, బి12 కలిపిన ఆహారం గానీ తప్పనిసరి. పెద్దలకు రోజుకు 2.4 మైక్రోగ్రాములు కావాలి. కాలేయంలోని నిల్వ ఏళ్ల తరబడి రావచ్చు, అందుకే లోపం ఆలస్యంగా బయటపడుతుంది. ఫోలేట్ అనే మరో బి విటమిన్ బాగా అందితే, బి12 లోపం వల్ల రావాల్సిన రక్తహీనత కూడా కనిపించకపోవచ్చు, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.